శని జంట ఉపగ్రహాలు: చెప్పే తీరులోని చిక్కులు

శనిగ్రహం చుట్టూ జానస్, ఎపిమీథియస్ అనే రెండు చిన్న ఉపగ్రహాలు దాదాపు ఒకే దారిన తిరుగుతున్నవి. వీటిని గూర్చి సామాన్య పాఠకుల కోసం వ్రాసిన వ్యాసాలలో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది: ఈ రెండు ఉపగ్రహాలు నాలుగేండ్ల కొకసారి తమ కక్ష్యలను పరస్పరం మార్చుకొంటవి. వాక్యం చిన్నది, వినడానికి ఇంపైనది. తరగతిలో ఉపాధ్యాయుడు చెప్పగానే వెనుక బల్లమీది పిల్లవాడు కూడ తల ఎత్తుతాడు. అందుకే ఒక పుస్తకంనుండి మరొక పుస్తకంలోకి అది సునాయాసంగా నడిచి వస్తున్నది. అయితే ఆ వాక్యాన్ని నల్లబల్లమీద వ్రాసి ఒక్కొక్క మాటనే పరీక్షించి చూస్తే, అందులో నిలిచే మాటలు చాల తక్కువ. విద్యార్థికి అందవలసిన అసలు వింత ఆ వాక్యం చాటున దాగిపోతున్నది.

ముందుగా లెక్కలు. శని కేంద్రంనుండి ఈ ఉపగ్రహాల సగటు దూరం సుమారు 1,51,400 కిలోమీటర్లు. ఒక చుట్టు తిరగడానికి వీటికి పట్టే కాలం సుమారు 16 గంటల 40 నిమిషాలు. జానస్ సగటు వ్యాసం 179 కిలోమీటర్లు, ఎపిమీథియస్ సగటు వ్యాసం 116 కిలోమీటర్లు. రెండూ బంగాళదుంపల వలె ఎగుడు దిగుడుగా ఉన్నవి. వీటి సగటు దూరాల మధ్య తేడా కేవలం 50 కిలోమీటర్లు. అంటే రెండు దారుల మధ్య ఉన్న ఎడం ఆ దారులలో నడిచే వస్తువుల వెడల్పులో సగమైనా లేదు.

లోపలి కక్ష్యలో ఉన్నది కొంచెం త్వరగా తిరుగుతుంది. ఎంత త్వరగా? దూరపు ఘనం కాలపు వర్గానికి అనుపాతంలో ఉంటుందన్న కెప్లరు మూడవ నియమం ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసినదే. దూరంలో 1,51,400కు 50 తేడా ఉంటే, కాలంలో అంతకు ఒకటిన్నర రెట్ల నిష్పత్తిలో తేడా వస్తుంది. చుట్టుకాలం 60,000 సెకన్లు గనుక ఈ తేడా 30 సెకన్లు. ఒక్కొక్క చుట్టుకు 30 సెకన్లు చొప్పున కలిసివస్తే, ఒక పూర్తి చుట్టు కలిసి రావడానికి 2,000 చుట్లు కావాలి. 2,000 చుట్లకు పట్టే కాలం దాదాపు 1,390 రోజులు, అనగా మూడేండ్ల తొమ్మిదిన్నర నెలలు. పుస్తకాలలోని 'నాలుగేండ్లు' అన్న మాట ఇక్కడినుండే వస్తున్నది. ఇంత సులువుగా అయిదు నిమిషాలలో రాబట్టగల సంఖ్యను పుస్తకాలు పైనుండి ఊడిపడినట్లు చెప్పి ఊరుకోవడం విచారకరం. విద్యార్థి స్వయంగా రాబట్టిన సంఖ్యను మరచిపోడు.

ఇక 'మార్చుకొంటవి' అన్న మాట. ఇద్దరు మనుష్యులు కుర్చీలు మార్చుకొన్నారంటే మొదటివాడి కుర్చీలో రెండవవాడు, రెండవవాడి కుర్చీలో మొదటివాడు కూర్చున్నారని అర్థం. జానస్, ఎపిమీథియస్ విషయంలో ఇట్లా జరగడం లేదు. జానస్ ద్రవ్యరాశి ఎపిమీథియస్ ద్రవ్యరాశికి దాదాపు నాలుగు రెట్లు. అందువల్ల మార్పు వచ్చినప్పుడు జానస్ కదిలేది సుమారు 20 కిలోమీటర్లు మాత్రమే; ఎపిమీథియస్ కదిలేది సుమారు 80 కిలోమీటర్లు. రెండింటికీ నడుమ ఒక సగటు గీతను ఊహించుకొంటే సంగతి తేటపడుతుంది. జానస్ ఆ గీతకు 10 కిలోమీటర్లు వెలుపల ఉన్నప్పుడు ఎపిమీథియస్ 40 కిలోమీటర్లు లోపల ఉంటుంది. మార్పు తరువాత జానస్ 10 కిలోమీటర్లు లోపలికి, ఎపిమీథియస్ 40 కిలోమీటర్లు వెలుపలికి వస్తవి. అప్పుడూ ఎడం 50 కిలోమీటర్లే. కాని ఎపిమీథియస్ చేరిన కొత్త దారి జానస్ విడిచిపెట్టిన పాత దారి కాదు. దానికి ఇంకా 30 కిలోమీటర్లు వెలుపల ఉన్నది. కాబట్టి ఒకదాని కక్ష్యను మరొకటి ఏనాడూ పుచ్చుకోలేదు. మారినదల్లా ఏది లోపల, ఏది వెలుపల అన్న వరుస మాత్రమే.

కావడి మోసేవాణ్ణి చూచిన పిల్లవాడికి ఇది చెప్పడం కష్టం కాదు. రెండు కుండల బరువు సమానంగా లేకపోతే, బరువైన కుండ భుజానికి దగ్గరగాను, తేలికైనది దూరంగాను ఉండేటట్లు బద్దను సర్దుకొంటాడు. ఒకటికి నాలుగు బరువైతే దూరాలు నాలుగుకు ఒకటి. పది, నలభై అన్న అంకెలు అట్లే వచ్చినవి. ఖగోళజ్ఞులు కూడ ఈ దారినే వెనుకకు నడిచి, కదిలిన దూరాల నిష్పత్తినిబట్టి ఈ రెండు ఉపగ్రహాల ద్రవ్యరాశుల నిష్పత్తిని నిర్ణయించగలిగారు. ఆకాశంలో వేలాడే రెండు కొండలను త్రాసు లేకుండా తూచడమిది. 'కక్ష్యలు మార్చుకొంటవి' అన్న వాక్యం ఈ మంచి పాఠాన్ని పూర్తిగా మింగివేస్తున్నది. కావడి పోలిక కూడ ఇక్కడితో ఆగాలి సుమా. బద్ద రెండు కుండలను కట్టివేసినట్లు ఈ ఉపగ్రహాలను ఏదీ కట్టివేయలేదు.

రెండవ చిక్కు ఇంతకంటె పెద్దది. 'మార్చుకొంటవి' అనగానే విద్యార్థి మనస్సులో రెండు ఎద్దుబండ్లు ఇరుకు బాటలో ఒకదానినొకటి దాటిపోయినట్లు బొమ్మ ఏర్పడుతుంది. నిజానికి ఈ రెండూ ఒకదానినొకటి ఎన్నడూ దాటవు. లోపలిది వెనుకనుండి మెల్లగా సమీపిస్తుంది. అది సమీపించే వేగం గంటకు 28 కిలోమీటర్లు; పాసెంజరు బండి వేగమని అనుకోవచ్చును. ఇంకా పదివేల కిలోమీటర్లకు పైగా దూరం ఉండగానే సమీపించడం ఆగిపోతుంది. ఆ తరువాత ఎడం మళ్లీ పెరగడం మొదలవుతుంది. ముందున్నది ముందుగానే ఉన్నది, వెనుక ఉన్నది వెనుకనే ఉన్నది. రెండవది మొదటిదానిని అందుకోబోయి వెనుకబడి, మళ్లీ నాలుగేండ్లకు మొదటిదే చుట్టు తిరిగి వెనుకనుండి రెండవదానిని అందుకోవడానికి వస్తుంది. కాసిని నౌక శని పరిసరాలలో ఉన్న కాలంలో 2006, 2010, 2014 సంవత్సరాలలో ఈ సమాగమాలు జరిగినవి.

ఇక్కడ చురుకైన విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. గురుత్వాకర్షణ అంటే దగ్గరకు లాగేది కదా! వెనుక ఉన్నదానిని ముందున్నది ముందుకు లాగుతుంది. ముందున్నదానిని వెనుక ఉన్నది వెనుకకు లాగుతుంది. అట్లా లాగుకొంటే రెండూ ఇంకా త్వరగా దగ్గర కావాలి. మరి దూరమెందుకు అవుతున్నవి? ఈ ప్రశ్న వేయని వ్యాసం ఈ విషయాన్ని తాకనట్లే లెక్క. చాల వ్యాసాలు దీనిని వేయవు. కొన్ని 'ఢీకొనబోయి చాకచక్యంగా తప్పించుకొంటవి' అని వ్రాసి ముందుకు పోతవి. రాతిమంచు ముద్దలకు చాకచక్యం ఎక్కడిది? కారణం చెప్పవలసిన చోట గుణం చెప్పడం ఇది. పిల్లల కథలో అది అందమే కావచ్చును. భౌతికశాస్త్ర పాఠంలో మాత్రం అది జవాబు ఎగవేయడమే.

జవాబు ఇది. కక్ష్యలో తిరిగే వస్తువును ముందుకు లాగితే దానికి శక్తి చేరుతుంది. శక్తి చేరిన వస్తువు పెద్ద కక్ష్యలోకి ఎక్కుతుంది. పెద్ద కక్ష్యలో తిరిగేది నెమ్మదిగా తిరుగుతుంది. కాబట్టి ముందుకు లాగబడినది వెనుకబడుతుంది. వెనుకకు లాగబడినది శక్తి పోగొట్టుకొని చిన్న కక్ష్యలోకి దిగి, త్వరగా తిరిగి ముందుకు పోతుంది. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఇందులో మర్మమేమీ లేదు. జమాఖర్చు చూచుకొంటే చాలు. లాగిన బలం చేసిన పని ఒక రూపాయి అనుకొందాము. ఉపగ్రహం శనినుండి దూరంగా ఎక్కడం వల్ల స్థితిశక్తి పద్దు రెండు రూపాయలు పెరుగుతుంది. ఒక రూపాయి పనివల్ల వచ్చినది. రెండవ రూపాయి ఎక్కడిది? గతిశక్తి పద్దులోనుండి తీసినది. అందుకే వేగం తగ్గుతుంది. భూమి చుట్టూ తక్కువ ఎత్తున తిరిగే కృత్రిమ ఉపగ్రహాల విషయంలో ఇదే లెక్క తలక్రిందులుగా కనిపిస్తుంది. పలుచని గాలి వాటిని అడ్డగిస్తుంది. అవి కిందికి దిగుతవి. దిగినకొద్దీ వాటి వేగం తగ్గడానికి బదులు పెరుగుతుంది. 1957లో స్పుత్నిక్ ఎగిరిన నాటినుండి కక్ష్యలను లెక్కించేవారు దీనిని ఎరుగుదురు.

ఈ రెండు ఉపగ్రహాలను దూరంగా ఉంచుతున్నది వాటి పరస్పర ఆకర్షణే. విద్యార్థి ఇంటికి తీసుకొనిపోవలసిన వింత ఇదొక్కటే. 'ఆకర్షణ లేకపోతే ఢీకొని బద్దలయ్యేవి' అని కొందరు మరొక అడుగు ముందుకు వేస్తారు. అది కూడ అంత నికరమైన మాట కాదు. కక్ష్యల తేడా 50 కిలోమీటర్లన్నది సగటు లెక్క. ప్రతి చుట్టులోను ఈ ఉపగ్రహాలు శనికి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వెయ్యి కిలోమీటర్లకు పైగా ఊగుతవి. వాటి కక్ష్యాతలాలు కూడ కొద్దిగా వాలి ఉన్నవి. కాబట్టి ఆకర్షణ లేకపోతే మొదటి సమాగమంలోనే ఢీకొనేవని చెప్పలేము. ఏదో ఒకనాడు ఢీకొనే అవకాశం ఉండేదని చెప్పవచ్చును.

వ్యాసాలతోబాటు అచ్చయ్యే పటాన్ని గూర్చి కొంత చెప్పవలసి ఉన్నది. సాధారణంగా గుర్రపులాడం ఆకారంలో ఒక మందపాటి దారిని గీసి, దానిమీద బాణపు గుర్తులు పెడతారు. ఒక చివర ఉపగ్రహం మలుపు తిరిగి వెనుకకు పోతున్నట్లు కనిపిస్తుంది. ఆ పటంలో తప్పు లేదు. కాని దాని క్రింద ఉండవలసిన వివరణ ఉండదు. అది శనితోబాటు నిలుచున్నవాడు చూచే దృశ్యం కాదు, ఉపగ్రహాల సగటు వేగంతో తిరిగే పీటమీద కూర్చున్నవాడు చూచే దృశ్యం. వేగంగా పోయే రైలు కిటికీలోనుండి చూస్తే పక్క పట్టాలమీద నెమ్మదిగా పోతున్న గూడ్సుబండి వెనుకకు నడుస్తున్నట్లు తోస్తుంది. గూడ్సుబండి వెనుకకు పోవడం లేదని ప్రయాణికుడికి తెలుసు. పటం చూచే విద్యార్థికి ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకపోతే సెకనుకు దాదాపు 16 కిలోమీటర్ల వేగంతో పోయే ఉపగ్రహం ఆగి వెనుదిరిగి పోతుందని నమ్ముతాడు. అట్లా నమ్మినవాడికి న్యూటను నియమాలు చెప్పినా ప్రయోజనం ఉండదు.

పటంలోని మందం మరొక ఇబ్బంది. శని కేంద్రంనుండి 15 సెంటీమీటర్ల దూరంలో కక్ష్యను గీస్తే రెండు దారుల మధ్య ఎడం ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఏ అచ్చుయంత్రమూ దానిని రెండు గీతలుగా చూపలేదు. బడి ఆటస్థలంలో అయితే కొంత వీలు. 15 మీటర్ల తాడు తీసుకొని సున్నపు పొడితో వలయం గీస్తే ఎడం 5 మిల్లీమీటర్లవుతుంది. ఆ కొలతకు జానస్ ఒక పెద్ద గోలీ, ఎపిమీథియస్ ఒక చిన్న గోలీ. శని అర్ధవ్యాసం 6 మీటర్లు. గోలీలు రెండూ ఏనాడూ ఒక మీటరుకంటె దగ్గరకు రావు. తాడు, సున్నం, రెండు గోలీలు ఏ గ్రామంలోనైనా దొరుకుతవి.

ఈ ఉపగ్రహాలను కనుగొన్న చరిత్ర కూడ కుదించి చెప్పడంలో చెడిపోతున్నది. '1966లో జానస్‌ను, 1980లో ఎపిమీథియస్‌ను కనుగొన్నారు' అని రెండు తేదీలు వేస్తే పని అయిపోయినట్లు కాదు. 1966 డిసెంబరులో శని వలయాలు భూమికి అంచుగా నిలిచినవి. వలయాల కాంతి తగ్గినప్పుడే వాటి పక్కనున్న చిన్న ఉపగ్రహాలు దూరదర్శినికి చిక్కుతవి. డిసెంబరు 15న ఫ్రెంచి ఖగోళజ్ఞుడు ఒదువెన్ దోల్ఫుస్ ఒక కొత్త ఉపగ్రహాన్ని చూచి జానస్ అని పేరుపెట్టాడు. మూడు రోజుల తరువాత రిచర్డ్ వాకర్ కూడ ఒకదానిని చూచాడు. అందరూ అది జానసేనని అనుకొన్నారు. ఒకే కక్ష్యలో రెండు ఉపగ్రహాలుంటవని ఎవరికీ తోచలేదు. ఫలితంగా ఆ పరిశీలనలు ఒక్క కక్ష్యకు చక్కగా అతకక పన్నెండేండ్లు చిక్కుముడిగా మిగిలిపోయినవి. 1978లో స్టీఫెన్ లార్సన్, జాన్ ఫౌంటెన్ అనే ఇద్దరు పాత కొలతలను తిరిగి పరిశీలించి, అవి ఒకటి కాదు, రెండు వస్తువులవని నిరూపించారు. 1980లో వాయేజర్ నౌక దానిని స్థిరపరచింది. నౌక పంపిన ఛాయాచిత్రంకంటె 1978 నాటి లెక్కే ఇక్కడ ఎక్కువ గొప్పది. దానిని విడిచిపెట్టి వ్రాసిన చరిత్ర యంత్రాల చరిత్ర అవుతుంది గాని ఆలోచన చరిత్ర కాదు.

శని కుటుంబంలో ఒకే దారిని పంచుకొనే ఉపగ్రహాలు మరికొన్ని ఉన్నవి. టెథిస్‌కు 60 డిగ్రీలు ముందు టెలెస్టో, 60 డిగ్రీలు వెనుక కాలిప్సో తిరుగుతవి. డయోనికి కూడ అట్టి తోడు రెండున్నవి. లగ్రాంజ్ 1772లోనే గణితంలో చూపిన స్థానాలవి. వీటిని గూర్చి పుస్తకాలు చెప్పేది చాలవరకు సరిగానే ఉన్నది.

నెప్ట్యూన్ ఉపగ్రహాల విషయంలో ఇటీవల వచ్చిన మాట ఒకటి పరిశీలింపదగినది. నాయడ్, థలాస్సా అనే రెండు చిన్న ఉపగ్రహాలు నెప్ట్యూన్‌కు దగ్గరగా, సుమారు 1,850 కిలోమీటర్ల ఎడంతో తిరుగుతవి. నాయడ్ ఏడు గంటలకు ఒక చుట్టు, థలాస్సా ఏడున్నర గంటలకు ఒక చుట్టు తిరుగుతవి. నాయడ్ 73 చుట్లు తిరిగేసరికి థలాస్సా 69 చుట్లు తిరుగుతుంది. నాయడ్ కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి ఉన్నది. లోపలిది వెలుపలిదానిని దాటిపోయేటప్పుడల్లా అది వాలు కారణంగా పైనో క్రిందనో ఉండేటట్లు ఈ నిష్పత్తి అమరినది. అందుచేత రెండింటి మధ్య దూరం 3,540 కిలోమీటర్లకు తగ్గదు. 2019 నవంబరులో నాసా సంస్థ దీనిని ప్రకటిస్తూ 'తప్పించుకొనే నాట్యం' అని పేరుపెట్టింది. ఆ ప్రకటనను పూర్తిగా చదివితే సంఖ్యలు, వాలు అన్నీ ఉన్నవి. దానిని నిందించడం న్యాయం కాదు. కాని పత్రికలన్నింటికీ చేరినది 'నాట్యం' అన్న ఒక్కమాట. దానితో వచ్చిన వంకరటింకర గీత కూడ థలాస్సామీద కూర్చొని చూస్తే కనిపించే గీతే. నెప్ట్యూన్‌పైనుండి చూస్తే నాయడ్ దారి ఏటవాలుగా ఉన్న దాదాపు చక్కని వలయం. శని గుర్రపులాడానికి పట్టిన జబ్బే దీనికీ పట్టింది.

బృహస్పతి ఉపగ్రహాలకు వచ్చేసరికి చిక్కు మరొక రకానిది. ఇక్కడ వింతను ఎక్కువచేసి చెప్పడం లేదు, లెక్కను తక్కువచేసి చెబుతున్నారు. గెలీలియో 1610లో చూచిన నాలుగింటిలో మొదటి మూడు అయో, యూరోపా, గానిమీడ్. వీటి చుట్టుకాలాలు 1:2:4 నిష్పత్తిలో ఖచ్చితంగా ఉన్నవని పుస్తకాలలో వ్రాస్తారు. తరువాతి పుటలోనే పట్టికలో 1.769 రోజులు, 3.551 రోజులు, 7.155 రోజులు అని అచ్చువేస్తారు. 1.769ని రెట్టిస్తే 3.538. యూరోపా కాలం అంతకంటె దాదాపు 19 నిమిషాలు ఎక్కువ. యూరోపా కాలాన్ని రెట్టిస్తే 7.102; గానిమీడ్ కాలం అంతకంటె గంటా పావు ఎక్కువ. పుటకూ పుటకూ మధ్య పొత్తు లేదు. హెచ్చవేత తెలిసిన పిల్లవాడు దీనిని పట్టుకొని అడిగితే, 'అది సుమారుగా' అని సర్దిచెప్పడమే ఉపాధ్యాయుడి గతి అవుతున్నది.

నిజంగా ఖచ్చితమైనది వేరొకటున్నది. ఒక రోజులో అయో తిరిగే కోణం 203.4890 డిగ్రీలు, యూరోపా 101.3747, గానిమీడ్ 50.3176. అయో కోణంనుండి యూరోపా కోణానికి రెట్టింపును తీసివేస్తే శేషం 0.7396. యూరోపా కోణంనుండి గానిమీడ్ కోణానికి రెట్టింపును తీసివేస్తే శేషం 0.7395. నాలుగవ దశాంశంలో కనిపించే తేడా అంకెలను కుదించడం వల్ల వచ్చినది. ఒక్కొక్క జత రెట్టింపు నిష్పత్తినుండి తప్పుతున్నది. కాని రెండు జతలూ సరిగా ఒకే మోతాదులో తప్పుతున్నవి! ఖచ్చితం అన్న మాటను ఇక్కడ వాడాలి. 18వ శతాబ్దంలో బ్రాడ్లీ, వార్గెంటిన్ ఈ ఉపగ్రహాల గ్రహణకాలాలను పరిశీలించి 437 రోజుల కొకసారి అవే క్రమాలు తిరిగి వస్తున్నవని గుర్తించారు. పై శేషానికి, సూర్యునిదిశగా బృహస్పతి రోజుకు కదిలే 0.083 డిగ్రీలను కలిపి, 360ని ఆ మొత్తంతో భాగిస్తే ఆ 437 రోజులే వస్తవి.

లాప్లాస్ ఈ సంబంధానికి కారణం గణితంలో చూపాడు. ఆయన 1796లో సామాన్య పాఠకుల కోసం విశ్వవ్యవస్థను వివరిస్తూ ఒక పుస్తకం వ్రాశాడు. అందులో సమీకరణాలు లేవు. అయినా ఈ నియమాన్ని మాటలలో తు.చ. తప్పకుండా చెప్పాడు: మొదటిదాని సగటు గమనానికి మూడవదాని గమనాన్ని రెండు రెట్లు చేసి కలిపితే, రెండవదాని గమనానికి మూడు రెట్లకు సమానం. ఆరంభంలో ఆ సమానత సుమారుగా ఉన్నా చాలు, పరస్పరాకర్షణే దానిని ఖచ్చితం చేస్తుందని కూడ వివరించాడు. మూడూ ఒకేసారి గ్రహణంలో పడవన్న ఫలితాన్నీ చెప్పాడు. యూరోపా, గానిమీడ్ ఒక వరుసకు వచ్చినప్పుడు అయో బృహస్పతికి అవతలి పక్కనుంటుంది. సులభంగా చెప్పాలంటే లెక్కను పలుచన చేయక తప్పదని వాదించేవారు ఆ పుస్తకాన్ని ఒకసారి తిరగవేయడం మంచిది.

ఇట్టి సంబంధాలకు తెలుగులో 'అనునాదం' అన్న మాట స్థిరపడింది. తీగల నాదంనుండి వచ్చిన మాట గనుక, దానితోబాటు ఉయ్యాల పోలిక కూడ వెంటనే వస్తుంది: సరియైన సమయంలో తోస్తే ఉయ్యాల ఊపు పెరిగినట్లు, ఒకే చోట మళ్లీ మళ్లీ లాగితే కక్ష్య మారుతుంది. పోలికలో సగం బాగున్నది. అయోను యూరోపా దాటనిచ్చే ప్రతిసారీ, అయో బృహస్పతికి అతి సమీపంగా ఉండే చోటనే రెండూ ఒక వరుసకు వస్తవి. లాగుళ్లన్నీ అట్లా ఒకే చోట పడడంవల్ల అయో కక్ష్య పూర్తి వలయంగా మారలేకపోతున్నది. కాని ఉయ్యాల ఊపు తోసినకొద్దీ పెరుగుతూ పోతుంది. అయో కక్ష్య అట్లా సాగిపోవడం లేదు. దాని లోపలి రాపిడి ఆ సాగుదలను ఎప్పటికప్పుడు తగ్గిస్తున్నది. తోసేవాడితోబాటు పట్టి ఆపేవాడు కూడ ఉన్న ఉయ్యాల ఇది. ఆ రెండవవాణ్ణి వదలి పోలిక చెప్పడంవల్ల అయోలో జరిగే అసలు సంగతి జారిపోతుంది.

ఆ శేషం, రోజుకు 0.7395 డిగ్రీలు, ఊరక మిగిలిన చిల్లర కాదు. అయో, యూరోపా ఒక వరుసకు వచ్చే దిక్కు ఆ వేగంతోనే మెల్లగా వెనుకకు జరుగుతుంది. అయో కక్ష్యలోని సమీపబిందువు కూడ దానితోబాటు అదే వేగంతో జరుగుతుంది. ఆ వేగం ఇంత చిన్నది గనుకనే యూరోపా లాగుళ్లు ఒకే పక్కకు కూడుకొని అయో కక్ష్యను ఇంతమాత్రం సాగదీసి ఉంచగలుగుతున్నవి. ఎంత? 4,21,800 కిలోమీటర్ల సగటు దూరంలో అటు ఇటు 1,700 కిలోమీటర్లు. పటంలో గీస్తే కంటికి కనిపించదు. కాని అంత మాత్రపు తేడాకే బృహస్పతి ఆకర్షణ అయోను ప్రతి చుట్టులోను పిసికి వదలుతున్నది. పిసికినకొద్దీ లోపల వేడి పుడుతున్నది.

స్టాంటన్ పీల్, పాట్రిక్ కాసెన్, రే రేనాల్డ్స్ అనే ముగ్గురు ఈ వేడిని లెక్కకట్టి, అయో లోపల చాలభాగం కరిగి ఉండవచ్చునని ప్రకటించారు. ఆ వ్యాసం 1979 మార్చి 2వ తేదీ సంచికలో వెలువడింది. మార్చి 5న వాయేజర్ 1 అయో పక్కగా పోయింది. మార్చి 8న, నౌక దారిని సరిచూచుకోవడానికి తీసిన ఒక చిత్రాన్ని పరిశీలిస్తున్న లిండా మొరబీటో అయో అంచున గొడుగు వలె లేచిన ఒక పొగను చూచింది. 250 కిలోమీటర్లకు పైగా ఎగసిన అగ్నిపర్వతపు చిమ్ముడు అది. భూమి వెలుపల మండుతున్న అగ్నిపర్వతం మనిషి కంటబడడం అదే మొదటిసారి. 1:2:4 అని వ్రాసి 19 నిమిషాలను కొట్టివేసిన పుస్తకం, ఆ పొగ ఎందుకు లేచిందని విద్యార్థి అడిగితే ఏ పుట తిప్పి చూపుతుంది?